రెండు సెకన్ల నాన్న

స్టూడియో మెట్ల మీద, పొద్దున్న పదకొండు గంటలకు, తల్లీ కూతురూ.

"మళ్ళీ చెప్పు. ఆ మాటే ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పనమ్మా? కింద గేటు దగ్గర్నుంచి ఇది నాలుగోసారి."

"నాలుగోసారో నలభయ్యోసారో. పన్నెండేళ్ళు నోరు విప్పలేదుగా, ఇప్పుడు విప్పు. మీ నాన్న ఫోన్లో ఏమన్నాడు?"

"'ఉండు తల్లీ. మీ బాబాయి బయట నిలబడి లెన్సు తుడుస్తున్నాడు, పిచ్చి వెధవ. వాణ్ణి లోపలికి లాక్కొచ్చి మాట్లాడతా' అన్నాడు. అంతే. గుయ్యిమని ఒక చప్పుడు. కట్టయింది."

"లాక్కొచ్చి."

"ఆ. లాక్కొచ్చి."

"మరి ఆ పెద్దమనిషి అందరికీ ఏం చెప్పాడు? 'అన్నే లెన్సు తుడవడానికి దిగాడు, నేను వ్యాన్లోనే ఉన్నా, వద్దంటే వినలేదు' అని. నాకు చెప్పాడు. మా అన్నయ్యలకి చెప్పాడు. పోలీసులకి చెప్పాడు. కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు!"

"మెల్లిగా అమ్మా. పైన తలుపు తీసే ఉంది."

"ఉండనీ. నువ్వైనా నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎనిమిదేళ్ళు నాకు. పన్ను ఊడిందని చెప్పడానికి నీ ఫోన్ అడక్కుండా తీశా. తిడతావనుకున్నా మొదట. తర్వాత... నాన్న పోయాక నన్ను బడికి దింపేది బాబాయే కదా. జడలు కూడా వేసేవాడు, వంకరటింకరగా. ఇది చెబితే నువ్వు ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వవు. ఆయన కూడా పోతాడని భయమేసింది."

"అయినా గుమ్మం ఎక్కడం మానేశాడుగా, నువ్వు పెద్దయ్యాక."

"నేను మాట్లాడ్డం మానేశా. అందుకని మానేశాడు."

"ఊఁ. మరి ఇన్నేళ్ళు లేనిది ఇవాళ?"

"ఈ పత్రికలో బాబాయి మాటలు చదివావుగా, మళ్ళీ అడుగుతావేంటి? 'నియమం పెట్టినవాడే నియమం తప్పాడు. మా అన్న కథ కుర్రాళ్ళకి పాఠం కావాలి.' ఫొటో వేసి మరీ. పాఠమట! శనివారం హాల్లో తెరమీద మెరుపులు వేసి రెండొందలమందికి ఇదే చెప్తాడు. నాన్న మీద పిడుగు పడింది ఆయన మొండితనంతో కాదు. తమ్ముణ్ణి లోపలికి తీసుకురావడానికి దిగాడు. ఆ మాట బాబాయి తన నోటితో అనాలి, శనివారం, అందరి ముందూ. అంతకుమించి నాకేం వద్దు."

"నాకు కావాలి. వాడి చొక్కా పట్టుకోవాలి."

"అమ్మా, నేను మాట్లాడతా. నేను ఫోన్లో విన్న మాట మాత్రం నువ్వు అనేయకు. ముందు ఆయన ఎంతవరకు చెప్తాడో చూద్దాం."

"అనన్లే. ఇంకెన్ని అంతస్తులు? మెరుపుల్ని నెమ్మదిగా చూపించే మహానుభావుడు మనల్నీ నెమ్మదిగా చంపుతున్నాడు."

స్టూడియో లోపల. గోడవార నల్లటి పెట్టెలు, ఎదుటి గోడకు పెద్ద తెర. బాబాయి ఒక లెన్సును మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

"వదినా! అరె... అమ్మలూ, నువ్వు కూడానా! చెప్పాపెట్టకుండా ఏంటిది? ఒక్క ఫోన్ చేస్తే కిందికొచ్చేవాణ్ణిగా."

"నేను ఫోన్లు చెయ్యను బాబాయ్. తెలుసుగా."

"అవునవును, మెసేజీల మనిషివి. కూర్చోండి. ఆ పెట్టె మీద కాదు వదినా, దాంట్లో లెన్సుంది. ఇటు, ఈ కుర్చీలో. ఫ్యాన్ వేస్తానుండు. టీ తెప్పించనా?"

"టీ తాగడానికి రాలేదు."

"పోనీ కాఫీ?"

"నీ వెటకారం తగలెయ్యా."

"వెటకారం కాదొదినా, కంగారు. నువ్వీ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ఏమనాలో తెలీక నోటికొచ్చింది అంటున్నా."

"బాబాయ్, ఈ పత్రిక."

"ఓ, చూశావా? ఫొటో బాగా రాలేదు. అంతా పొట్టే కనబడుతోంది."

"పొట్ట సంగతి తర్వాత. ఈ వాక్యం చదువు."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

"నెత్తి మీదుంది."

"ఉందిలే. ఏదీ... 'నియమం పెట్టినవాడే...' ఆ. ఈ విలేకరి కొంచెం కారం ఎక్కువేశాడు. నేను అంత గట్టిగా అనలేదు."

"అన్నావా లేదా?"

"అన్నా."

"ఏంటా నియమం?"

"నీకు తెలీదా? మీ అమ్మకీ తెలుసు."

"నీ నోటితో చెప్పు."

"మెరవగానే లెక్కపెట్టాలి. ముప్పై లోపు ఉరిమితే బండి దిగకూడదు. ఇనప డబ్బాలో ఉన్నంతసేపు మనకేం కాదు. బయట కెమెరా తడిసినా, కాలి బూడిదైనా సరే, మనిషి లోపలే ఉండాలి. అన్న పెట్టిందే. వ్యాన్ తలుపు లోపలివైపు ఎర్ర రంగుతో రాశాడు కూడా."

"అలా రాసినాయన దిగాడు."

"దిగాడు."

"ఎందుకు?"

"లెన్సు మీద చినుకు పడింది తల్లీ. ఎన్నిసార్లు చెప్పాను. సెకనుకి ఏడువేల బొమ్మలు తియ్యాలంటే ఒక్కో బొమ్మకి దక్కే వెలుతురు రవ్వంత. అందుకే అంత పెద్ద నోరున్న లెన్సు, అన్నం పళ్ళెమంత అద్దం. దానిమీద ఒక్క చుక్క నిలిచిందంటే మెరుపంతా మసకే. మూడు వారాలు పడిగాపులు కాస్తే వచ్చిన గాలివాన అది. అంతా వృథా అయిపోతుందని..."

"నాన్న ఆగలేకపోయాడు."

"ఆగలేకపోయాడు."

"నువ్వు వ్యాన్లో ఉన్నావు. వద్దన్నావు. వినలేదు."

"ఆ... అంతే. టీ నిజంగానే వద్దా? కింద కుర్రాడు బాగా పెడతాడు."

"కూర్చో బాబాయ్. ఇంకో వాక్యం ఉంది. 'పిడుగు పడిన ఆ క్షణంలో కూడా నా వేలు బటన్ నొక్కింది.' ఇది కూడా విలేకరి కారమేనా?"

"అది... అది ఏదో మాటల్లో వచ్చింది. కుర్రాడు బాగా వింటున్నాడు కదాని నోరు జారా."

"నొక్కావా?"

"ఏమో. గుర్తులేదు."

"చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పావు. ఈ కెమెరా నీళ్ళతొట్టి లాంటిదన్నావు. దీంట్లో రెండు సెకన్లే పడతాయి, కొత్తవి వస్తుంటే పాతవి పొర్లిపోతాయి. మెరుపొచ్చాక నొక్కాలి, ముందు కాదు. నొక్కగానే అప్పటికి తొట్లో ఉన్న రెండు సెకన్లూ నిలిచిపోతాయి. నొక్కకపోతే ఏమీ మిగలదు."

"ఎంత బాగా గుర్తుందే నీకు. మీ నాన్న బుర్ర."

"నొక్కావా?"

"చెయ్యి నొక్కింది. నేను కాదు, చెయ్యి. అదే పని చేసీ చేసీ... వెలుగు కంట్లో పడితే వేలు దానంతటదే నొక్కేస్తుంది. నొక్కాకే వెనక్కి తిరిగి చూశా. అన్న పడి ఉంటే ముందు నేను చేసిన పని అది."

"అంటే ఉంది."

"ఏముంది?"

"నాన్న ఉన్న రెండు సెకన్లు. నీ దగ్గరుంది."

"వదినా, నువ్వు చెప్పు దీనికి. చూసేది కాదది."

"నేను చెప్పాలా? 'ఏదీ రికార్డవలేదొదినా, ఆఖరి చూపు కూడా మిగల్లేదు' అని నా చెయ్యి పట్టుకుని చెప్పావు. ఇదిగో, ఈ చెయ్యే. నువ్వెన్నిసార్లు చూశావురా?"

"లెక్కలేదు."

"నాకు మొగుడు, దానికి తండ్రి. మాకు లేకుండా నువ్వొక్కడివీ గదిలో కూర్చుని చూసుకున్నావు. నేను కాపురానికి వచ్చేసరికి పద్నాలుగేళ్ళవాడివి. నీ లెక్కల పుస్తకాలకి అట్టలేసింది నేను. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది నేను. ఇదీ నువ్వు చేసింది!"

"అమ్మా, ఆగు. బాబాయ్, అందులో నువ్వు కూడా ఉన్నావు కదా. అందుకేగా దాచావు?"

"ఈ లెన్సు మూత ఏదీ... ఇక్కడే పెట్టానే."

"వ్యాన్లో ఉన్నవాడివి కెమెరాలో ఎలా పడతావు? అది బయటపడుతుందని దాచావు. అవునా?"

"ఉన్నా."

"ఏంటి?"

"ఉన్నానమ్మా. నా చెయ్యి ఉంది, గుడ్డ పట్టుకున్న చెయ్యి. లెన్సు తుడవడానికి దిగింది నేనే. అన్న వద్దంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. నియమం తప్పింది నేను. చాలా? ఏంటలా చూస్తున్నావు? ఇదే కదా నీక్కావలసింది?"

"ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు."

"ఒప్పుకోవడానికి నాకేం భయం తల్లీ. నా తప్పు నేను ఎప్పుడో ఒప్పేసుకున్నా, నాలో నేను."

"మరి మా ఆయన నెత్తిన ఎందుకు రుద్దావు? బతికున్న మనిషి కాదుగా, వచ్చి కాదని చెప్పడానికి!"

"నేను దిగానని చెబితే ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుందొదినా. మరి మీ అన్న ఎందుకు దిగాడు అని. ఆ ప్రశ్న రాకూడదని."

"ఎందుకు రాకూడదు? అదే అడుగుతున్నా. నాన్న ఎందుకు దిగాడు బాబాయ్?"

"వదిలెయ్ తల్లీ. శనివారం నా తప్పేనని చెప్పేస్తా. పత్రికవాళ్ళకి ఉత్తరం కూడా రాస్తా. ఇంటికెళ్ళండి."

"ఎందుకు దిగాడో అనడానికి నీకు నోరు రావట్లేదు."

"రావట్లేదు."

"అయితే చూపించు. నువ్వు చెప్పక్కర్లేదు. నేనే చూస్తా."

"వద్దు."

"చూడకుండా ఇక్కణ్ణుంచి కదలం. అమ్మా, కదులుతావా నువ్వు?"

"నా శవం కదలాలి."

"అలాంటి మాటలనకొదినా... సరే. ఆ కిటికీ వెయ్యండి. తర్వాత నన్ను ఏమీ అనొద్దు. ఎందుకు చూపించావని అనొద్దు. అమ్మలూ, నువ్వు ఇటు, నా పక్కన కూర్చో."

"ఇక్కడ బానే ఉంది."

"సరే, అక్కడే కూర్చో. దీనికి శబ్దం లేదు. ఈ కెమెరాకి చెవుల్లేవు."

"వేశావా? కదలట్లేదేం? ఆగిపోయిందా?"

"ఆగలేదొదినా, నడుస్తోంది. అదిగో ఆ చినుకు చూడు."

"గాల్లో వేలాడుతోంది."

"పడుతోంది. ఇక్కడ ఒక సెకను నాలుగు నిమిషాలు."

"ఈ మూల మసగ్గా ఉన్నదేంటి బాబాయ్?"

"నా చెయ్యి. ఆ తెల్లది గుడ్డ. పక్కన నిలబడి తుడుస్తున్నా, వీపు వ్యాన్ వైపు. రెండో చేతిలో గొడుగూ, బటన్ తీగా. నేను వెనక్కి చూళ్ళేదు. గాలి హోరు, గొడుగు మీద వాన చప్పుడు. ఏమీ వినబళ్ళేదు నాకు. ఆ వెనక వ్యాన్ కనబడుతోందా?"

"తలుపు తీసుంది."

"అక్కణ్ణుంచే. చూస్తూ ఉండు... అదిగో. కాలు."

"ఆ చెప్పులు నేను కొన్నవి."

"అవునొదినా."

"ఒకటే తెచ్చిచ్చారు నాకు. రెండోది దొరకలేదన్నారు."

"అమ్మా, చూడకపోయినా ఫర్వాలేదు. నువ్వు బయట కూర్చో."

"నోర్ముయ్. మొహం ఎప్పుడొస్తుందిరా?"

"ఇంకో అరనిమిషం. తల వంచి దిగుతున్నాడు. ఇప్పుడు ఎత్తుతాడు... వదినా, ఆపనా?"

"ఆపకు. ఆపావంటే చంపుతా. ఎంత చిన్నవాడురా... ఇన్నాళ్ళూ నాతోపాటే పెద్దవాడవుతున్నట్టు అనుకుంటున్నా. నాకంటే చిన్నవాడైపోయాడు. మీసంలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు."

"చెవి దగ్గర ఏంటది?"

"చూశావా తల్లీ?"

"ఫోన్."

"ఫోన్. నేను దాచింది అదీ. నా చెయ్యి కాదు. అన్న ఫోన్ నేనే తీశాను జేబులో పెట్టుకుందామని. ఆఖరి కాల్ మీ అమ్మ నంబరు. ఇంటికొచ్చేసరికి మీ అమ్మ స్పృహలో లేదు. నువ్వు మీ అమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గచ్చుమీద కూర్చున్నావు. ముందు పన్ను లేదు. ఎవరడిగినా ఫోన్ ఇవ్వట్లేదు. 'నాన్న మాట్లాడతానన్నాడు బాబాయ్, ఛార్జింగ్ అయిపోతోంది, పెట్టవా' అన్నావు. గుర్తుందా?"

"ఛార్జింగ్ పెట్టావు నువ్వు."

"పెట్టా. పెడుతూ ఆ కాల్ తీసేశా, మీ అమ్మ చూడకుండా. అప్పుడే అనుకున్నా, ఈ సంగతి బయటికి రాకూడదని. చుట్టాలు ఊరుకుంటారా? 'పిల్ల ఫోన్ చేసింది, తండ్రి దిగాడు, పిడుగు పడింది' అని ఒక్కరన్నా చాలు, ఆ మాట నీతోపాటే పెరుగుతుంది. పోయినవాడికి మాటొస్తే ఏం చేస్తాడు, పడతాడు. బతకాల్సినదానికి రాకూడదు. అందుకని అన్నే లెన్సు తుడవడానికి దిగాడన్నా. తర్వాత అడిగినవాళ్ళందరికీ అదే చెప్పా. చెప్పగా చెప్పగా పాఠమైపోయింది, ఇదిగో, పత్రికలోకి కూడా ఎక్కింది."

"నాకోసమా?"

"మరెవరికోసం?"

"నేను నిన్ను పన్నెండేళ్ళు..."

"తెలుసు. ఎందుకో తెలీదు కానీ తెలుసు. మెసేజీలకి జవాబివ్వవు, పుట్టినరోజుకి పిలవవు. వయసొస్తే పిల్లలంతే అనుకున్నా."

"బాబాయ్, నాన్న నీవైపే వస్తున్నాడు."

"కెమెరా వైపు. అక్కడ కాస్త ఎత్తు. సిగ్నల్ అక్కడే దొరికేది. రోజూ ఫోన్లు అక్కడికెళ్ళే మాట్లాడేవాళ్ళం."

"చెయ్యి చాపుతున్నాడు. చూడు. ముందుకి, నీ భుజం మీదికి."

"కింద బురద కదా. జారకుండా చాపాడు."

"నోరు..."

"నీతో మాట్లాడుతున్నాడు. ఆ నోరు తెరుచుకోడానికే ఇరవై సెకన్లు పడుతుంది. ఆ మాటేంటో తెలుసుకోవాలని ఎన్నిసార్లు చూశానో. అద్దం ముందు నిలబడి నా నోరు అలాగే పెట్టి చూసుకున్నా. ఒకసారి 'హలో' అనిపిస్తుంది. ఒకసారి 'వినబడుతోందా' అన్నట్టుంటుంది."

"కళ్ళు చూశావా? ఫోన్లో మాట్లాడే మనిషి అలా చూస్తాడా?"

"ఎలా?"

"ఏం లేదు."

"ఇప్పుడు చూడండి. ఇది నేనెవరికీ చూపించలేదు. పిడుగు పైనుంచి పడుతుందనుకుంటాం, అది సగమే నిజం. అది కొమ్మలు కొమ్మలుగా దిగుతుంటే కిందనుంచి మనమూ ఎదురెళ్తాం. చెట్టయినా, స్తంభమైనా, మనిషైనా, ఏది ఎత్తుగా ఉంటే దాన్నుంచి ఒక వెలుగుపోగు పైకి లేస్తుంది. ఏ పోగు ముందు అందుకుంటే పిడుగు ఆ దారిన దిగుతుంది. మిగతావి ఆరిపోతాయి. అదిగో. అన్న తలమీద."

"దారంలా ఉంది. సన్నగా."

"ఈ పక్కన కూడా చూడు. నా గొడుగు మీదనుంచి."

"రెండోది."

"రెండోది నాది. రెండూ లేచాయి. అన్నది జానెడు ముందుంది."

"నాన్న అక్కడికి రాకపోయుంటే..."

"నాది అందుకునేది. ఇక్కడ ఆపేస్తున్నా. దీని తర్వాత అంతా తెలుపే."

"కిటికీ తెరవరా. ఊపిరాడట్లేదు నాకు."

"ఇదిగో తెరిచానొదినా. నీళ్ళు తాగు. అమ్మలూ, నువ్వు కూడా. ఏడవకు. ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రికి ఫోన్ చెయ్యడం తప్పెలా అవుతుంది? ఇది ఎవరి తప్పూ కాదు, నీది అసలే కాదు. నువ్వు ఇలా అనుకుంటావనే నేను..."

"నేను అందుకు ఏడవట్లేదు బాబాయ్."

"మరి?"

"నువ్వు... నీకెప్పుడూ అనిపించలేదా? నాన్న ఇంకెందుకైనా దిగాడేమోనని?"

"అనిపించకుండా ఉంటుందా? మొదటి ఏడాదంతా అదే. నాకోసమే దిగాడేమోనని. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి నాకు రావాల్సింది తను పట్టుకుపోయాడేమోనని. తిండి సహించేది కాదు. వాన పడితే చాలు, బండేసుకుని పిడుగు పడిన ఆ గుట్ట మీదికి వెళ్ళేవాణ్ణి. కెమెరా లేకుండా. అదే చోట నిలబడేవాణ్ణి, గొడుగు పట్టుకుని."

"ఎందుకురా?"

"మిగిలిపోయిన పోగు నాది ఒకటుందిగా వదినా. దాని సంగతేదో తేలుద్దామని. పాతికసార్లు వెళ్ళుంటా. ఒక్కటీ పళ్ళేదు. నేనంటే దానికీ లోకువే."

"ఛీ. ఆ నవ్వేంటి? మాకొక్క మాట చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నిన్ను బడికి దింపి అటే వెళ్ళేవాణ్ణి అమ్మలూ. సాయంత్రం బడి వదిలేసరికి పిడుగు పడకపోతే నిన్ను తీసుకురావాలిగా, అందుకని వెనక్కి వచ్చేవాణ్ణి."

"బాబాయ్..."

"తర్వాత ఒకరోజు ఇది చూస్తుంటే తట్టింది. నన్ను లాక్కెళ్ళడానికి వచ్చే మనిషైతే ఫోన్ చెవి దగ్గర ఎందుకు పెట్టుకుంటాడు? ఫోన్ సీట్లో పడేసి వస్తాడు కదా. అంటే సిగ్నల్ కోసమే దిగాడు."

"ఏమన్నావ్? లాక్కెళ్ళడానికా?"

"ఆ, వదినా. ఏం?"

"ఏం లేదు. చెప్పు."

"అంతే. ఆ రోజు రాత్రి నిద్ర పట్టింది, ఏడాదిలో మొదటిసారి. ఆ ఫోనే నన్ను బతికించింది. కానీ ఎలాంటి నిద్ర అది? నా బరువు తీసి చిన్నపిల్ల నెత్తిన పెట్టి పడుకున్నట్టు. నా ప్రాణానికి సుఖంగా ఉంది, నీకు తెలిస్తే మాత్రం నువ్వు బతకలేవు. అందుకే తాళం వేసి దాచా. ఇవాళ నువ్వే తీయించావు."

"ఇప్పటికీ వెళ్తుంటావా ఆ గుట్ట మీదికి?"

"ఇప్పుడెందుకెళ్తాను? నిద్ర పట్టాక మానేశానుగా."

"ఎప్పుడూ వెళ్ళలేదు?"

"వెళ్ళలేదు తల్లీ. ఏంటలా అడుగుతున్నావు? సరే, ఇంతదాకా వచ్చింది కాబట్టి నేనొకటి అడుగుతా. ఈ రెండు సెకన్లలో అన్న మాట నాకు వినబడదు. ఆ మాట విన్నది లోకంలో నువ్వొక్కదానివే. ఆఖర్న నీతో ఏమన్నాడు? శనివారం నేనే దిగానని చెప్తా. లెన్సు కోసం నియమం తప్పిన వెధవని నేనేనని చెప్తా. కానీ అన్న ఎందుకు దిగాడో కూడా చెప్పాలిగా. నేననుకున్నది కాకుండా ఇంకేదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పు. వింటా."

"చెప్పవే. మెట్ల మీద నాకు నాలుగుసార్లు చెప్పావుగా."

"వదినకి తెలుసా? ఏమన్నాడొదినా?"

"నన్నడక్కు. విన్నది అది. దాన్నే అడుగు."

"అమ్మా..."

"ఎందుకొచ్చామో అది చెప్పు. నేను నోరు కట్టుకునే ఉన్నా. ఇక నీ ఇష్టం."

"చెప్పు తల్లీ. ఏమన్నాడు అన్న?"

"'సిగ్నల్ సరిగ్గా లేదు తల్లీ, బయటికెళ్ళి వింటానుండు' అన్నాడు బాబాయ్. శనివారం అందరికీ అదే చెప్పు. కూతురికి పన్ను ఊడితే, ఆ కబురు వినడానికి దిగాడని చెప్పు."